గాలి సాబ్ ఫోను సభ

పోయిన నెల ఒక మధ్యాహ్నం, ఎవరో పంపిన లింకు నొక్కి ఒక ఆన్‌లైన్ సదస్సులో కూర్చున్నాను. పొలాల మీది గాలి గురించి అన్నారు. పత్రిక ఉద్యోగం మానుకున్న తర్వాత ఇలాంటివి వింటూ ఉంటాను. తెర నిండా చిన్న చిన్న గళ్లు, గడికొక మొహం. మాట్లాడుతున్నది ఒక యువ శాస్త్రవేత్త. అందరూ మైకులు మూసి ఉంచమని ఆమె మొదటే చెప్పింది. ఎవరో మరిచిపోయారు. ఆమె జిగట పూసిన గాజుపలక ఒకటి తీసి చూపిస్తుండగా, ఎవరి ఇంటి దగ్గర నుంచో ఒక ఎద్దు గట్టిగా అరిచింది. గళ్లన్నీ నవ్వాయి. ఆమె కూడా నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. ఫోనులో నుంచి పశువు అరుపు నేను మొదటిసారి విని ముప్పై ఏళ్లు దాటింది. ఆ రోజు ఆ అరుపుకు కారణం నేనే.

మా నల్లగొండ పక్కన ఒక వ్యవసాయ పరిశోధన క్షేత్రం ఉండేది. అందులో ఒకాయన ఫీల్డ్‌మాన్. వానను కొలిచే గొట్టం, గాలి దిక్కు చూపే బాణం, తెల్లరంగు వేసిన రెక్కల పెట్టెలో ఉష్ణమాపకాలు, వీటన్నిటికీ ఆయనే కాపలా. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి లెక్క చూసి రాయడం ఆయన పని. ఊళ్లో అందరికీ ఆయన గాలి సాబ్. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు. ఆయన మాత్రం ఆ పేరును ఉద్యోగం పేరులాగే తీసుకున్నాడు.

మనిషి కలవగానే బాగున్నారా అని అడగడం ఆయనకు అలవాటు లేదు. "ఏ దిక్కు?" అనేవాడు. ఇప్పుడు గాలి ఏ దిక్కు నుంచి వీస్తున్నదో చెప్పమని. మనం తెల్లమొహం వేస్తే, తన కుడిచేతి ఉంగరం వేలు నాలుకకు తాకించుకుని, తలకంటే ఎత్తుగా లేపి, కళ్లు మూసుకునేవాడు. ఏ పక్క చల్లబడిందో అటు దిక్కు చెప్పేవాడు. ఆ తర్వాత వెళ్లి బాణం చూసేవాడు. రెండూ కలిస్తే ఏమీ అనేవాడు కాదు. కలవకపోతే జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి, తారీఖు వేసి, ఒక్క మాట రాసుకునేవాడు. "వేలు తప్పింది."

"ఎవ్వలడుగుతరని రాస్తున్నవు సాబ్?" అన్నాను ఒకసారి.

"ఎవ్వలడుగకపోతేనే రాయాలె తమ్మీ" అన్నాడు. "అడిగెటోడుంటే నోటితోని చెప్తం గద."

పత్రికల్లో పనిచేసేవాడికి ఇలాంటి మనిషి ఇరుకు చెప్పులాంటివాడు. వానాకాలమంతా రోజూ ఆయనకు ఫోను చేసి నిన్నటి వాన ఎంతో అడిగేవాణ్ణి. ఒకరోజు ఆయన దొరకలేదు. ఆకాశం చూసి, అంతకుముందు రోజుది చూసి, నేనే ఒక అంకె వేసి పంపాను. మర్నాడు పొద్దున ఆయన సైకిలు మా ఆఫీసు ముందు ఆగింది. కోపంగా లేడు. పేపరు నా బల్ల మీద పరిచి, ఆ అంకె మీద వేలు పెట్టి, "గిది ఏ గొట్టంల పడ్డది?" అని అడిగాడు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగాడు. ఆఫీసులో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు లోపల ఏదో పులిసింది. అది ఆ రోజే మొదలైందని ఇప్పుడు అనుకుంటాను.

కానీ అసలు మంట మా ఇంట్లో పుట్టింది.

మా ఊరు కేతేపల్లి. మా బాపు అక్కడ పత్తి, కంది వేసేవాడు. ఆ రోజుల్లో పురుగుకు పొడిమందు చల్లేవారు. పలచటి గుడ్డసంచిలో పొడి పోసి, మూతి కట్టి, చెట్ల మీద పట్టుకుని కర్రతో తట్టుకుంటూ నడవడమే. మంచు ఆరకముందే చల్లితే ఆకుకు పట్టుకుంటుందని అందరూ తెల్లవారుతూనే మొదలుపెట్టేవారు. ఇంటికొచ్చేసరికి కనుబొమల దాకా తెల్లగా అయ్యేది. తర్వాత కళ్ల మంట, తల తిప్పడం, వారాల తరబడి విడవని దగ్గు. మా బాపుకు ఆ దగ్గు ప్రతి ఏడూ వచ్చేది.

దాని మీద నేను మూడు కాలమ్‌ల వ్యాసం రాశాను. నా పేరుతో అచ్చయింది. జీవితంలో అంత కష్టపడి రాసింది అప్పటికి మరొకటి లేదు. పేపరు పట్టుకుని ఊరికి వెళ్లి బాపు చేతిలో పెట్టాను. ఆయన దాన్ని తిప్పి చూసి, "పేపర్ల నిన్నటి ముచ్చటేనాయె. నిన్నటి దగ్గు నాకెర్కనే గదరా" అన్నాడు. మర్నాడు దాని మీద ఎండు మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. నా పేరు మీద సరిగ్గా రెండు కాయలు.

సరిగ్గా అదే ఏడు గాలి సాబ్ మా చేలోకి వచ్చాడు. సైకిలును బస్సు మీద వేసుకుని వచ్చి, టిఫిను డబ్బా నిండా చిన్న గాజుముక్కలు తెచ్చాడు. ఒక్కో ముక్కకు ఆముదం పూసి, కర్ర పాతి, మోకాలి ఎత్తున ఒకటి, ఛాతీ ఎత్తున ఒకటి, మొహం ఎత్తున ఒకటి కట్టాడు. బాపు పొడి చల్లి వెళ్లిన తర్వాత ఒక్కోటి తీసి, భూతద్దం పెట్టి, ఎంత పొడి అంటుకుందో లెక్కపెట్టేవాడు. దీన్ని ఆయనకు ఎవరూ పనిగా ఇవ్వలేదు. వానగొట్టం చూసే మనిషికి ఈ పరిశోధన ఎందుకని పై అధికారులు విసుక్కున్నారట. సెలవు రోజుల్లో చేసుకునేవాడు.

ఆ గాజుముక్కలను మా బాపు బంగారంలా చూసుకున్నాడు. చేలోకి మేకలు పోతే అరిచేవాడు కాదు గానీ, ఆ కర్ర దగ్గరికి పోతే ఉరికేవాడు. నేను ఊరికి వెళితే అన్నం ముందు కూర్చుని అదే మాట.

"గాలి సాబ్ ఏమన్నడో ఎర్కేనా? పొద్దుగాల గాలి పండుకుంటదట. పండుకున్న గాలి పొడిని యాడికి పోనీయదట. మోకాలి కాడి గాజు కన్న మొఖం కాడి గాజే మురికిగుందిరా. నా కండ్లతోని చూసిన."

"నేను రాసిన దాంట్ల గూడ గదే ఉంది బాపు" అన్నాను.

"ఉంటే ఉండొచ్చు" అన్నాడు, కూర కలుపుకుంటూ.

ఎవరి మీద అసూయ పడ్డా మనిషి లోపల దానికి ఒక గౌరవమైన పేరు పెట్టుకుంటాడు. నేను దానికి వృత్తిధర్మం అని పేరు పెట్టాను. చదువు లేని ఫీల్డ్‌మాన్ రైతులకు సలహాలు చెప్పడం ఏమిటి అని ఒకరిద్దరు అధికారుల దగ్గర అన్నాను కూడా. అన్నానని ఆయనకు తెలిసే ఉంటుంది. అప్పుడూ నన్ను "ఏ దిక్కు?" అనే పలకరించాడు.

ఆ ఏడు నల్లగొండలో వ్యవసాయ శాస్త్రవేత్తల సదస్సు జరిగింది. తన గాజుముక్కల లెక్క అక్కడ చదువుతానని ఆయన అడిగాడు. వేదిక మీదికి ఫీల్డ్‌మాన్‌ను ఎక్కించే పద్ధతి లేదన్నారు. ఆయన చివరి వరుసలో కూర్చుని అందరిదీ విని, బయటకొచ్చి, "అండ్ల వినాల్సినోళ్లెవ్వరు లేరు తమ్మీ. వినాల్సినోళ్లంత చేలల్ల ఉన్నరు" అన్నాడు.

ఆ మాటలోంచే ఫోను సభ పుట్టింది. అప్పట్లో మా టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఇంకా చేత్తో తీగలు గుచ్చే బోర్డే ఉండేది. అక్కడి ఆపరేటరమ్మకు ఆయన మీద గౌరవం. ఆదివారం లైన్లు ఖాళీగా ఉన్నప్పుడు కేతేపల్లి, రామన్నపేట, చిట్యాల ఫోన్లను ఆమె ఒకేసారి కలిపేది. ఆ మూడు చోట్లా ఫోను రిసీవరును మైకు మూతికి తువ్వాలుతో కట్టేవారు. అటు మాట లౌడుస్పీకరులో పది మందికీ వినబడేది. అడగాలనుకున్నవాడు తువ్వాలు విప్పి రిసీవరులో అడగాలి. మధ్యలో కూత, గరగర. అయినా వినబడేది. ఆయన సభ నియమం ఒక్కటే. "మొదలు వినుండ్రి. తర్వాత అడుగుండ్రి. ఊరు పేరు చెప్పి అడుగుండ్రి."

మొదటి రెండు సభలకు ఊరికి పదిమంది కూడా రాలేదు. మూడోది ముఖ్యమైనది. ఇంకో వారంలో చాలామంది పొడిమందు చల్లడం మొదలుపెడతారు. అప్పటికే చెప్పకపోతే ఆ ఏటికి చెప్పి లాభం లేదు. ఆయన మా ఆఫీసుకు వచ్చి, కాగితం ముక్క మీద రాసి ఇచ్చాడు. ఆదివారం గాలి కొలతపై ఫోను సభ, రైతులు రావాలి. "జర పెద్దగ వెయ్యి తమ్మీ. గీసారి జనం రావాలె" అన్నాడు. నన్ను ఆయన ఏదైనా అడగడం అదొక్కసారే.

ఆ రోజే పొద్దున ఊరి నుంచి వచ్చిన మనిషితో బాపు కబురు పంపాడు. గాలి సాబ్‌కు కొత్త గాజుముక్కలు కావాలట, నన్ను కొని ఆయనకివ్వమని. కొడుకుగా నన్ను బాపు అడిగిన పని అది.

సాయంత్రం వార్తలు ఫోనులో హైదరాబాదుకు చదివి వినిపిస్తున్నాను. లైను బాగాలేదు. అటు రాసుకుంటున్న ఉపసంపాదకుడు కోస్తా నుంచి వచ్చినవాడు, మంచి మనిషి.

"గాలి కొలతపై ఫోను సభ" అని చదివాను.

"ఏవిటండీ, గాలికుంటు మీదా?" అన్నాడు. "అవునవును, మీ వైపు పశువులకి గాలికుంటు బాగా ఉందటగా. వేసేద్దాం."

గాలికుంటు అంటే పశువుల నోళ్లు, గిట్టలు పుళ్లు పడే అంటురోగం. కాదు, కొలత, క-ఒత్వం అని చెప్పడానికి నాకు ఊపిరి పీల్చినంత సేపు పట్టేది. నేను ఆ ఊపిరి పీల్చాను. మా బాపు అన్నం ముందు చెప్పే కబుర్లు గుర్తొచ్చాయి. మిరపకాయలు గుర్తొచ్చాయి.

"ఆ" అన్నాను.

ఆదివారం పొద్దున కేతేపల్లి వెళ్లాను. వార్త కోసమని చెప్పుకున్నాను. గాలి సాబ్ ఆ రోజు కేతేపల్లి నుంచే మాట్లాడాలనుకున్నాడు. పంచాయతీ ఆఫీసు ముందు ఖాళీ జాగా నిండా పశువులు. ఎడ్లు, ఆవులు, బర్రెలు, రెండు మూరల దూడలు. మా బాపు కూడా తన జోడెడ్లను తోలుకుని వచ్చాడు. అవి ఏ రోగమూ లేని ఎడ్లు. పేపరులో వచ్చింది కదా, సూది వేస్తారేమోనని.

"సూదులేవి సాబ్?" అని ఒకరు.

"డాక్టరేడి?" అని ఇంకొకరు.

ఫోను కలిసింది. లౌడుస్పీకరులోంచి మొదట మనిషి గొంతు కాదు, చిట్యాల ఆవుల అరుపులు వచ్చాయి. వాటికి కేతేపల్లి ఎడ్లు జవాబిచ్చాయి. జనం నవ్వారు. ఎవరో ఆయన చేతిలో పేపరు పెట్టారు. ఆయన చదివాడు. మరోసారి చదివాడు. నా వైపు చూడలేదు. నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

తర్వాత ఆయన చేసిన మొదటి పని ఇప్పటికీ నాకు మింగుడుపడదు. పశువుల మధ్యలో నడుచుకుంటూ ఒక్కోదాని మూతి చూశాడు. ఒక ఆవు చొంగ కారుస్తూ కాలు ఎత్తి పెడుతోంది. "గీ ఆవును రోడ్డవుతల కట్టేయుండ్రి. జల్ది. గిది అంటుకునే రోగం" అన్నాడు. వెంటనే వెళ్లి రిసీవరు అందుకుని, "రామన్నపేట, చిట్యాల, చొంగ కార్చే పశువులను దూరం కొట్టుండ్రి. మిగిలినవాటిని ఎడం ఎడం నిలవెట్టుండ్రి" అన్నాడు. నవ్వులాట అనుకుని నేను అన్న ఆ ఒక్క మాట ఎంత దూరం పోగలదో అప్పుడు తెలిసింది. రోగం ఉన్న పశువును లేని పశువు పక్కకు తెచ్చింది నేను.

"గాలికుంటు సంగతి నాకెర్కలేదు" అన్నాడు ఆయన ఫోనులో. "రేపు పశువుల దవాఖానకు పోయి మీ ఊర్ల పేర్లు చెప్తా. సూదులు పట్టుకొని రమ్మంట. అచ్చుల తప్పు పడ్డది. మాఫ్ చెయ్యుండ్రి. ఎట్లనన్న వచ్చిండ్రు గద, ఒక్క పని చేసి పోండ్రి."

మా బాపు దగ్గరికి వచ్చాడు. "అన్నా, నీ ఎద్దును జర పట్టుకో."

జేబులోంచి తెల్ల రుమాలు తీశాడు. ఎద్దు ముక్కులో వేలు పెట్టి రుమాలుతో తుడిచాడు. లేపి అందరికీ చూపించాడు. రుమాలు మీద బూడిదరంగు తెల్లటి ముద్ద. బాపు మా ఊళ్లో అందరికంటే ముందే మొదలుపెట్టి, ఆ ముందురోజే పొడి చల్లాడు. అప్పుడు ఎడ్లు గట్టు మీద కట్టేసి ఉన్నాయి.

"మీరు గూడ తువ్వాలతోని తుడువుండ్రి" అన్నాడు ఫోనులో. "ఏం రంగొచ్చిందో ఊరు పేరు చెప్పి చెప్పుండ్రి."

కాసేపు గరగర. తర్వాత ఒక గొంతు. "చిట్యాల. తెల్లగొచ్చింది సాబ్."

"పొడి చల్లినవా?"

"మొన్న చల్లిన."

ఇంకో గొంతు. "రామన్నపేట. మాది ఎర్రమన్నే ఉన్నది."

"మీకు పత్తి లేదా?"

"ఆముదాలేసినం. పొడి కొనలే."

"కొనకు" అన్నాడు గాలి సాబ్. రామన్నపేట అంతా నవ్వడం మా దాకా వినబడింది.

అప్పుడు ఆయన గొంతు తగ్గించి అడిగాడు. "గట్టు మీద కట్టేసిన ఎద్దు ముక్కుల ఇంతుంటే, సంచి పట్టుకొని నడిచినోని ముక్కుల ఎంతుంటది?"

మా బాపు తలకు చుట్టిన తువ్వాలు విప్పి, కొస తన ముక్కులో పెట్టి తిప్పి తీసి, దాన్ని చూసుకుంటూ నిలబడ్డాడు. ఒకరి తర్వాత ఒకరు అందరూ అదే చేశారు.

ఆ తర్వాత ఆయన చెప్పింది ఎంతో లేదు. ఎండెక్కి, సన్నగా గాలి లేచాక చల్లమన్నాడు. గాలి పోయే కొస నుంచి మొదలుపెట్టి, గాలికి అడ్డంగా నడవమన్నాడు. సంచి గాలి పోయే దిక్కు చేతిలో ఉండాలన్నాడు.

"మంచుంటేనే ఆకుకు పట్టుకుంటది గద సాబ్?" అని మా బాపే అడిగాడు.

"ఊరు పేరు చెప్పన్నా."

"కేతేపల్లి" అన్నాడు బాపు, ఆయన ఎదురుగా నిలబడి, బడిపిల్లవాడిలా.

"ఆకుకు పట్టుకునేది గింత. నీకు పట్టుకునేది గంత. ఇప్పుడే తుడుసుకుంటివి గద."

నా మూడు కాలమ్‌లు చేయలేని పని ఒక ఎద్దు ముక్కు చేసింది. ఆయనను బోల్తా కొట్టిద్దామని నేను తవ్విన గోతిలోంచి ఆయన నీళ్లు తోడుకున్నాడు. ఆ రోజు నాకు పశ్చాత్తాపం కంటే కడుపుమంటే ఎక్కువ కలిగింది. రాయడానికి సిగ్గుగా ఉన్నా అది నిజం.

పశ్చాత్తాపం తొమ్మిది పది రోజుల తర్వాత వచ్చింది. మా బాపు ఎడ్లలో ఒకటి మేత మానింది. నోట్లో పొక్కులు. ముందుకాలు గిట్ట మధ్య పుండు. ఆ సభలోనే అంటిందని అందరికీ తెలుసు. దుక్కి పనులన్నీ ఆగాయి. గాలి సాబ్ తప్పు తనదే అన్నట్టు ప్రతి సెలవు రోజూ బస్సు మీద సైకిలు వేసుకుని వచ్చేవాడు. పటిక నీళ్లతో గిట్ట కడిగి, తెల్ల రుమాలు చింపి కట్టేవాడు. నేను ఒక ఆదివారం వెళ్లేసరికి ఆయన ఎద్దు కాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, మా బాపు దాని మెడ నిమురుతున్నాడు. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోవడం లేదు. వాళ్లు అలా మాట్లాడకుండా కూర్చోగలగడం చూసి, పుండు ఉన్న ఎద్దును పట్టించుకోకుండా, నేను మళ్లీ ఆ చనువుకే కుళ్లుకున్నాను.

ఎద్దు బతికింది. కానీ దుక్కికి ఆ ఏడు రాలేదు. బాపుకు ఆ ఏడు దగ్గు కూడా రాలేదు.

కొన్నాళ్లకు గాలి సాబ్‌ను మహబూబ్‌నగర్ క్షేత్రానికి బదిలీ చేశారు. వెళ్లే ముందు మా ఆఫీసుకు వచ్చాడు. నా బల్ల ముందు నిలబడి కాసేపు తటపటాయించాడు. ఆయన తటపటాయించడం నేనెప్పుడూ చూడలేదు.

"తమ్మీ, ఒక సంగతి అడుగుత. అబద్ధం చెప్పకు. నా రాత గంత ఖరాబుంటదా? 'కొలత' అని రాసిస్తి. నీకు కుంటు లెక్క కనవడ్డదా?"

నోటుబుక్కు తీసి ఒక పేజీ తెరిచాడు. ఆ ఆదివారం తారీఖు. దాని పక్కన ఒక్క మాట. "రాత తప్పింది." దాని తర్వాతి పేజీలన్నీ పెద్ద పెద్ద అక్షరాలతో, విడివిడిగా, రెండో తరగతి పిల్లల రాతలా ఉన్నాయి. అప్పటి నుంచి అట్లాగే రాస్తున్నాడట.

చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. ఆఫీసులో ఎవరూ లేరు.

"లైను ఖరాబుండె సాబ్" అన్నాను.

ఆయన తల ఊపాడు. నమ్మాడో లేదో తెలియదు. గుమ్మం దాటి, వేలు తడుపుకుని పైకి లేపి, కాసేపు నిలబడి, సైకిలు ఎక్కి పోయాడు. మళ్లీ కలవలేదు. అక్కడ పాలమూరులో కూడా ఫోను సభలు పెట్టాడని విన్నాను. కొన్నేళ్లకు ఆయన చనిపోయాడని మా బాపే కబురు చేశాడు. నాకంటే ముందు బాపుకు తెలిసింది. పత్రికవాడికి అది కూడా ఒక దెబ్బే.

తెర మీద ఆ అమ్మాయి మాట్లాడడం ముగించి, ప్రశ్నలుంటే అడగమంది. నేను మైకు తెరిచాను. ఎందుకో ముందు ఊరు పేరు చెప్పాను.

"కేతేపల్లి. అమ్మా, ఆ గాజుపలకకు ఆముదం రాస్తే పని చేస్తుందా?"

ఆమె ఆశ్చర్యపడింది. "మేం గ్రీజు లాంటిది వాడతామండి. ఆముదమైనా పట్టుకుంటుంది. ఎవరైనా అట్ల చేసిన్రా?"

చేశారని చెప్పాను. మూడు ఎత్తుల కర్ర, ఎద్దు ముక్కు, తెల్ల రుమాలు, మూడు ఊళ్ల ఫోను, అన్నీ చెప్పాను. పేపరులో తప్పు ఎట్లా పడిందో కూడా చెప్పాను, ఫోనులో నేనన్న ఆ ఒక్క అక్షరంతో సహా. గళ్లలో ఎవరూ నవ్వలేదు.

"ఆయన పేరు చెప్తారా? రాసుకుంటాను" అందామె.

చెప్పాను. నిదానంగా, అక్షరం తర్వాత అక్షరం, ఏ ఒత్తు ఎక్కడో విడగొట్టి, ఎవరికీ ఇంకో మాటలా వినబడకుండా. ఆమె తిరిగి చదివి వినిపించింది. సరిగ్గా ఉంది. ఆయన గురించి ఇంకా చెప్పమని ముగ్గురు నలుగురు అడిగారు.

నా పేరు ఎవరూ అడగలేదు.